అతకని మణికట్టు, రెండో కోత

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పడబోతూ అరచెయ్యి నేలకు ఆనించినప్పుడు వాటిలో ఎక్కువగా విరిగేది స్కాఫాయిడ్. బొటనవేలి వైపు, ముంజేతి ఎముకను ఆనుకొని ఉంటుంది. పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అది విరిగినా చెయ్యి వంకర పోదు, పెద్దగా వాయదు, వేళ్లు మామూలుగానే ఆడతాయి. అందుకే వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా దించుతూ జారిన హమాలీ అయినా, తాటిచెట్టు దిగుతూ పట్టు తప్పిన గౌడన్న అయినా, కాజీపేట రోడ్డు మీద బైకు మీంచి పడ్డ ఇంజనీరింగు విద్యార్థి అయినా మొదట అనేది ఒకటే: "ఏం గాలే, బెణికింది."

ఆ మాట ఖరీదు ఆరు నెలలకో రెండేళ్లకో తెలుస్తుంది. అప్పటికి ఎముక రెండు ముక్కలుగానే ఉండిపోయి, నడుమ నారలాంటి కణజాలం చేరుతుంది. బిందె ఎత్తబోయినా, నేలకు చెయ్యి ఆనించి లేవబోయినా మణికట్టు మొరాయిస్తుంది. అప్పుడు ఆపరేషన్. తుంటి నుంచి కాస్త ఎముక తీసి విరుగులో కూరి, స్క్రూ బిగిస్తారు. చాలామందికి దాంతో అతుకుతుంది. అతకనివాళ్ల సంగతే ఈ వ్యాసం. ఒకసారి కోశాక కూడా ముక్కలు ముక్కలుగానే మిగిలితే ఏం చేయాలన్న ప్రశ్నకు వందేళ్లుగా జవాబులు మారుతూనే వచ్చాయి. ఈ వందేళ్లలో మారనిది ఒకటుంది. మొదటి ఆపరేషన్ చేసిన డాక్టరుకు అది విఫలమైందన్న సంగతి తరచూ తెలియదు. రోగి రెండోసారి అదే గడప తొక్కడు.

ముందు ఆ ఎముక మొండితనం గురించి. దాని ఒంటి మీద అయిదింట నాలుగు వంతులు నున్నని మృదులాస్థి పరుచుకొని ఉంటుంది. చుట్టూ ఉన్న ఎముకలతో రాసుకుంటూ తిరగాలంటే అలా ఉండక తప్పదు. దాంతో రక్తనాళాలు లోపలికి దూరడానికి మిగిలే జాగా కొంచెమే. దూరేవి కూడా వేళ్ల వైపు నుంచి దూరి, వెనక్కి, ముంజేతి వైపుకు పారతాయి. 1980లో అమెరికాలో గెల్బర్‌మన్, మెనన్ మృతదేహాల చేతులను పరీక్షించి, ఈ ఎముకకు అందే రక్తంలో 70 నుంచి 80 శాతం చెయ్యి వీపు వైపున్న గట్టు మీద దూరే నాళాలదేనని, ముంజేతి వైపు కొసకు అదే ఏకైక ఆధారమని చూపించారు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పైన గండి పడితే కింది మడి ఎండుతుంది. స్కాఫాయిడ్ నడుము దగ్గర విరిగితే వెనక ముక్క అలాగే ఎండుతుంది. ముంజేతి వైపు కొసకు ఎంత దగ్గరగా విరిగితే అంత ప్రమాదం.

ఇది చాలదన్నట్టు, కీలులోని ద్రవం విరుగు చుట్టూ చేరి, అతుక్కోవడానికి అవసరమైన రక్తపు గడ్డను నిలవనీయదు. పైగా ముందు ముక్క అరచేతి వైపు వంగుతుంది, వెనక ముక్క వీపు వైపు ఎత్తుతుంది. ఎముక మధ్యలో గూని పడుతుంది. గూనితో అతికినా మణికట్టు పూర్తిగా వెనక్కి వంగదు.

ఎక్స్‌రే రాకముందు ఈ ఎముకకు వైద్యంలో చెప్పుకోదగ్గ చరిత్ర లేదు. ఎముకలు అతికించే విద్యకు మాత్రం చాలా పాత చరిత్ర ఉంది. సుశ్రుత సంహిత విరుగుళ్లను 12 రకాలుగా, కీళ్లు తొలగడాన్ని 6 రకాలుగా విడదీసింది. చెట్టు బెరళ్లతో బద్దలు కట్టమంది. కట్టు వదులైతే అతుకు నిలవదని, మరీ బిగిస్తే వాచి చర్మం చీము పడుతుందని హెచ్చరించింది. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో అయిదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు విప్పి మళ్లీ కట్టాలని లెక్క కూడా చెప్పింది. ఓరుగల్లు కాకతీయుల కాలానికి వస్తే, కృష్ణ ఒడ్డున 1261లో వేయించిన మల్కాపురం శాసనంలో గోళకీ మఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపించడానికి చేసిన ఏర్పాటు కనిపిస్తుంది. గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన ఊళ్ల రాబడితో నడిచిన దవాఖాన అది. అక్కడ విరిగిన చేతులకు ఏం చేసేవారో శాసనం చెప్పదు. దవాఖాన పెట్టడం పాలకుడి పని అన్న ఊహ మాత్రం ఈ నేలకు కొత్త కాదు.

ఆ తర్వాతి శతాబ్దాలు ఊరి వైద్యులవి. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు, హైదరాబాదులో పహిల్వాన్ల కట్టు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాదే కీళ్లు సరిచేసేవాడు కూడా. ఈ కట్ల మీద చదువుకున్నవాళ్లకు ఉన్న చిన్నచూపు నాకు లేదు. పిల్లల ముంజేయి విరిగితే, ముక్కలు పెద్దగా కదలకపోతే, కదలకుండా పట్టి ఉంచే ఏ కట్టయినా పని చేస్తుంది. స్కాఫాయిడ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ విద్య చేతులెత్తేస్తుంది. విరిగిందని తడిమి తేల్చడం కష్టం. బెణికిందనుకొని నూనె రాసి మర్దన చేస్తే విరిగిన ముక్కలు రోజూ కదులుతాయి. మూడు వారాలు తోమించుకున్నాక నొప్పి తగ్గిందని సంతోషించినవాళ్లలో కొందరు ఏడాది తర్వాత బొక్కల డాక్టరు దగ్గర తేలతారు.

1895 డిసెంబర్ 22న రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్‌రే తీశాడు. లోకానికి తెలిసిన మొదటి ఎక్స్‌రే చిత్రాల్లో ఒకటి చెయ్యిదే కావడం మణికట్టుకు శుభారంభం. పదేళ్లలోనే ఫ్రాన్సులో, లియోన్ నగరంలో, ఎతియేన్ దెస్తో పని ప్రమాదాల్లో దెబ్బతిన్న మణికట్ల మీద పుస్తకం రాశాడు. అదే 1905లో బోస్టన్‌లో కాడ్‌మన్, చేజ్ ఈ ఎముక విరుగుళ్ల మీద పెద్ద పత్రం ప్రచురించారు. బొటనవేలు వెనక్కి చాచితే దాని మొదట్లో పడే గుంటలో నొక్కితే నొప్పి వస్తుందా అని చూడడం ఇప్పటికీ మొదటి పరీక్ష. నొప్పి ఉండి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోతే కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి. మొదటి ఫొటోలో గీత దొరక్కపోవడం అరుదేమీ కాదు. ఈ రెండో ఎక్స్‌రే ఎంతమంది తీయించుకుంటారన్న దాన్ని బట్టే ఎంతమందికి ఆపరేషన్ దాకా పోతుందో తేలుతుంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా చవకైన వైద్యం ఇదే, ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే.

ఎర్నెస్ట్ కాడ్‌మన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత పిలిచి చూడాలని, బాగుపడకపోతే ఎందుకో కార్డు మీద రాయాలని ఆయన పట్టుబట్టాడు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పెద్దలకు అది రుచించలేదు. ఆయన 1914లో బయటికొచ్చాడు. సొంత చిన్న ఆస్పత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మంది రోగుల్లో 123 పొరపాట్లు జరిగాయని తనే లెక్కగట్టి, తన డబ్బుతో అచ్చు వేయించి పంచాడు. మణికట్టు ఎముక విరుగుళ్ల మీద తొలినాళ్లలో రాసినవాడే ఫలితాల లెక్క చెప్పాలని అడిగినవాడు కూడా కావడం యాదృచ్ఛికమే. అయినా రెండో ఆపరేషన్ గురించి ఆలోచించిన ప్రతిసారీ నాకు ఆ కార్డులే గుర్తొస్తాయి.

కాడ్‌మన్ తరానికి ఈ ఎముక అతుకుతుందన్న నమ్మకం పెద్దగా లేదు. ఆ నమ్మకం ఇచ్చింది వియన్నాలో లొరెంజ్ బోలర్. 1925లో ఆయన ప్రమాద బాధితుల కోసమే ఆస్పత్రి నడపడం మొదలుపెట్టి, ప్లాస్టర్ పట్టి వేస్తే పూర్తిగా అతికేదాకా ఒక్కరోజు కూడా విప్పకూడదన్నాడు. వారాలు కాదు, అవసరమైతే నెలలు. బొటనవేలిని కూడా కలిపి పట్టి వేయాలన్నది ఆ తర్వాత వేదవాక్కు అయింది. 1991లో బ్రిటన్‌లో క్లే, డియాస్ బృందం బొటనవేలిని కలిపీ కలపకుండానూ పోల్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. ఎలా కట్టినా పదిమందిలో ఒకరికి అతకలేదు.

ఈ మధ్యలో వరంగల్ ఏం చేస్తోంది? 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. కాజీపేట రైల్వే జంక్షన్ పెరిగింది. మరమగ్గం, బాయిలర్, వ్యాగను, బస్తా: మణికట్టు మీద బతికే పనులన్నీ ఒక్క ఊళ్లో చేరాయి. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో నెహ్రూ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఎంజీఎం ఉత్తర తెలంగాణకు పెద్ద దవాఖాన అయింది. ములుగు, భూపాలపల్లి అడవుల నుంచీ మానుకోట తండాల నుంచీ జనం ఇక్కడికే వస్తారు. రైల్వే ఉద్యోగికి కాజీపేటలో రైల్వే ఆస్పత్రి ఉంది. అంతకు మించిన కేసులకు హైదరాబాదు. అక్కడ నిజాం ట్రస్టు డబ్బుతో 1964లో తెరిచిన బొక్కల దవాఖానే తర్వాత నిమ్స్ అయింది.

దక్షిణాదిలో చేతికి ప్రత్యేకంగా శస్త్రచికిత్స అన్న ఆలోచన కుష్ఠురోగుల నుంచి పుట్టింది. 1940ల చివర వేలూరులో పాల్ బ్రాండ్ వాళ్ల ముడుచుకుపోయిన వేళ్లకు కండరాల తాళ్లు మార్చి పట్టు తెప్పించాడు. తర్వాత మద్రాసు స్టాన్లీలో వెంకటస్వామి చేతి శస్త్రచికిత్సకే విభాగం నిలబెట్టారు, కోయంబత్తూరు గంగా ఆస్పత్రి ఆ దారినే ఎదిగింది. తెలుగు జిల్లాల్లో మాత్రం చాలాకాలం చేతి పని కూడా మోకాలూ తుంటీ చూసే డాక్టరు చేతుల్లోనే ఉండేది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. రాత్రంతా తొడ ఎముకలు విరిగిన లారీ ప్రమాద బాధితులు వచ్చే చోట మూడు సెంటీమీటర్ల ఎముకకు వరుస ఆలస్యంగానే వస్తుంది.

ఇక అతుకుల సంగతి. అతకని స్కాఫాయిడ్‌కు వేరేచోటి ఎముక పెట్టడం 1928లో అమెరికాలో ఆడమ్స్, లెనర్డ్ ఒక రోగి మీద చేసి చూపారు. 1934లో టొరంటోలో గార్డన్ మరే కాలి ఎముక నుంచి చిన్న మేకు చెక్కి రెండు ముక్కల గుండా దించాడు. స్విట్జర్లాండులో మాటి పద్ధతి వేరు. చెయ్యి వీపు వైపు నుంచి తెరిచి, చచ్చిన ఎముకను గుల్ల చేసి, అందులో మెత్తటి ఎముక కూరాడు. 1960లో ఆస్ట్రియాలో ఒట్టో రుస్సే అదే పనిని అరచేతి వైపు నుంచి చేశాడు. రక్తనాళాలు వీపు వైపునే ఎక్కువ గనక ఈ దారిలో వాటికి దెబ్బ తగలదు. చూడ్డానికి చిన్న మార్పు. చాలాకాలం అదే రాజ్యమేలింది. 1970లో ఫిస్క్, 1984లో ఫెర్నాండెజ్ గూని సంగతి పట్టించుకున్నారు. విరుగులో త్రికోణపు చీలలా ఎముక పెట్టి వంపు సరిచేయాలన్నారు. ఫెర్నాండెజ్ రెండో చేతి ఎక్స్‌రే కొలిచి, ఎంత చీల కావాలో ఆపరేషన్‌కు ముందే లెక్క వేసుకునేవాడు.

అదే 1984లో సిడ్నీ నుంచి హెర్బర్ట్, ఫిషర్ కొత్త స్క్రూ తెచ్చారు. తల లేని స్క్రూ. రెండు కొసల్లో మరల దూరం వేరువేరుగా ఉండడంతో, తిప్పేకొద్దీ రెండు ముక్కలూ దగ్గరికి నొక్కుకుంటాయి. మృదులాస్థి కింద పూర్తిగా దాగి ఉంటుంది, తీయనక్కర్లేదు. కొత్త విరుగుళ్లన్నీ అతికాయి. పాతవీ కలిపితే 83 శాతం. ఆ రెండో అంకెను జనం తొందరగా మరిచిపోయారు. స్క్రూ దొరికాక అతకనిదంటూ ఉండదన్న ధీమా పదేళ్లు నడిచింది. తెలుగు పట్టణాల్లో ఆపరేషన్ బల్ల దగ్గరే ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్, సన్నని డ్రిల్లు వచ్చాక ఆ ధీమా ఇక్కడికీ చేరింది. నిజానికి ఆ స్క్రూ ఎముక సరిగ్గా నడిమధ్య నుంచి పోవాలి. పక్కకు జరిగితే పట్టు తగ్గుతుంది. వంపు తిరిగిన చిన్న ఎముకలో నడిమధ్య దొరకబుచ్చుకోవడం చెప్పినంత తేలిక కాదు. రెండోసారి తెరిచిన మణికట్లలో స్క్రూ పక్కకు పోయి ఉండడం, కొస బయటికి పొడుచుకొచ్చి పక్క ఎముకను గీరుతూ ఉండడం సర్జన్లకు కొత్త దృశ్యం కాదు.

స్క్రూ బాగానే ఉండి కూడా అతకని కేసులు మిగిలాయి. అప్పుడు చూపు మళ్లీ రక్తం మీదికి మళ్లింది. దీనికి బీజం 1985లో గ్రీన్ అనే సర్జన్ వేశాడు. ఆపరేషన్ బల్ల మీద వెనక ముక్కను గీకి, చేతికి కట్టిన బిగింపు వదిలి, చుక్కలు చుక్కలుగా రక్తం ఊరుతుందా అని చూశాడు. బాగా ఊరినవాళ్లలో 92 శాతం మందికి అతికింది. ఒక్క చుక్క కూడా రాని అయిదుగురిలో ఒక్కరికీ అతకలేదు. ఏ స్కానూ లేని కాలంలో ఇంత పనికొచ్చే పరీక్ష దొరకడం అబ్బురమే. ఇప్పటికీ నమ్మదగ్గది అదే.

1991లో బ్యూనస్ ఎయిరిస్ సర్జన్ జైడెంబర్గ్ ముంజేతి ఎముక నుంచి చిన్న ముక్కను దాని రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి స్కాఫాయిడ్‌లో పెట్టాడు. పదకొండు మందికి చేస్తే పదకొండు మందికీ అతికింది. ప్రపంచమంతా ఎగబడింది. 2002లో మెరెల్, వుల్ఫ్, స్లేడ్ అప్పటిదాకా వచ్చిన పత్రాలన్నీ కూడి చూస్తే, వెనక ముక్క చచ్చిపోయిన కేసుల్లో నాళంతో కూడిన ముక్క పెట్టినప్పుడు 88 శాతం, చీల పెట్టి స్క్రూ వేసినప్పుడు 47 శాతం అతికినట్టు తేలింది. వాదం ముగిసిందనిపించింది. సరిగ్గా అదే ఏడాది బ్రిటన్ నుంచి స్ట్రా బృందం జైడెంబర్గ్ పద్ధతినే 22 మందికి చేసి, అతికింది ఆరుగురికే అని రాసింది. ఒకే పద్ధతి, ఒకే నాళం. ఒకచోట నూటికి నూరు, ఒకచోట 27.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన పత్రం స్ట్రాది. అందులో గొప్ప కనిపెట్టింది ఏమీ లేదు. తమకు కుదరలేదని లెక్కతో సహా చెప్పారు, అంతే. ఆ తర్వాతే అందరూ నింపాదిగా అడగడం మొదలుపెట్టారు: ఎవరికి? ఎలాంటి విరుగుకు? గూని సరిచేశారా? పొగ తాగేవాళ్లెంతమంది?

జవాబులు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. జపానులో డోయి బృందం 2000లో మోకాలి దగ్గర తొడ ఎముక లోపలి వైపు నుంచి నాళంతో సహా ముక్క తీసి, మైక్రోస్కోపు కింద మణికట్టు నాళాలకు కుట్టడం చూపింది. 2008లో మేయో క్లినిక్ సర్జన్లు వెనక ముక్క చచ్చి, గూని కూడా పడ్డ కేసుల్లో రెండిటినీ పోల్చారు. ముంజేతి ముక్క పెట్టినవాళ్లలో పదికి నాలుగు, మోకాలి ముక్క పెట్టినవాళ్లలో పన్నెండుకు పన్నెండు అతికాయి. ముంజేతి నుంచి తెచ్చే ముక్క చిన్నది, వంపును ఎత్తి నిలబెట్టలేదు. మోకాలిది గట్టిది. మళ్లీ పదేళ్లకు, 2018లో, రాన్సీ బృందం ఇంకో మెలిక పెట్టింది. చచ్చిన ఎముకను శుభ్రంగా గీకి, మామూలు ముక్కే పెట్టి, కదలకుండా బిగిస్తే 35 మందిలో 33 మందికి అతికింది, వెనక ముక్కలో రక్తం ఉన్నా లేకపోయినా. అంటే రక్తం పేరు చెప్పి తప్పించుకున్న వైఫల్యాల్లో కొన్ని అసలు బిగింపు వైఫల్యాలన్నమాట.

ఇంత వాదం నడిచాక రెండోసారి కత్తి పట్టే సర్జన్ ముందు పెట్టుకోవాల్సిన ప్రశ్న సూటిగా మారింది: మొదటిసారి ఎందుకు అతకలేదు? పాత స్క్రూ నడిమధ్య లేకా? గూని వదిలేసినందుకా? చచ్చిన అంచులు పూర్తిగా గీకకపోవడమా? వెనక ముక్క మరీ చిన్నదా? పట్టి తొందరగా విప్పారా? ఎముక పొడవు వెంబడి తీసిన సీటీ స్కాను చూడకుండా దీనికి జవాబు చెప్పలేం. మామూలు ఎక్స్‌రేలో అతికినట్టు కనిపించేది సీటీలో విడిగా తేలడం తెలిసిందే. మొదటి ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు చేతిలో ఉంటే సగం పని అయినట్టే. అవి ఉండవు. ఉన్నా డిశ్చార్జి కాగితంలో స్క్రూ వేశాం అన్న ఒక్క వాక్యం ఉంటుంది. వెనక ముక్కలో రక్తం ఊరిందా లేదా అన్నది రాసిన కాగితం దొరికితే రోగి అదృష్టవంతుడు.

రెండో ఆపరేషన్ మొదటిదాని కన్నా అన్ని విధాలా బరువైనది. పాత కోత మీద మచ్చ గట్టిపడి ఉంటుంది. స్క్రూ తీస్తే ఎముక నడుమ సొరంగం మిగులుతుంది. దాన్ని కూడా నింపాలి. కొత్త స్క్రూకు పట్టు చిక్కకపోతే లావు స్క్రూ వేస్తారు, లేదా సన్నని తీగలు, లేదా ఇటీవల అరచేతి వైపు అతికే చిన్న ప్లేటు. తుంటిలో ఒక వైపు ముందే తీసి ఉంటే రెండో వైపు తీయాలి. తర్వాత మళ్లీ నెలల తరబడి పట్టి. అప్పటికే బిగుసుకుపోయిన కీలు ఇంకాస్త బిగుస్తుంది. మేయో క్లినిక్ నుంచే స్మిత్, కూనీ 1996లో విఫలమైన అతుకులను మళ్లీ సరిచేయడం మీదే విడిగా పత్రం రాశారు. అలాంటివి ఇప్పటికీ తక్కువే. గెలిచిన కేసుల పత్రాలు అలమరలు నిండా ఉంటాయి.

పొగ సంగతి ఇక్కడే చెప్పాలి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఈ ఆపరేషన్ విఫలమయ్యే అవకాశం ఎక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. నికోటిన్ సన్న నాళాలను ముడుస్తుంది. మొదటే నాళాలు కరువైన ఎముక ఇది. హమాలీ సంఘం గోడ నీడన, టీకొట్టు దగ్గర, ఈ సలహా ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు. "బీడీ తాగితే చెయ్యి ఎట్ల చెడిపోతది సారూ, ఊపిరితిత్తులు గదా" అన్న ప్రశ్నకు ఓపీలో ఒక్కొక్కరికి దొరికే రెండు మూడు నిమిషాల్లో జవాబు చెప్పడం ఏ డాక్టరు తరమూ కాదు.

డబ్బు దారి కూడా మారింది. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ త్వరలోనే రాష్ట్రమంతా పాకింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని కుటుంబానికి 10 లక్షలకు పెంచారు. దీంతో బీదవాడికి కోత అందుబాటులోకి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. 1980ల్లో ఇదే హమాలీ నొప్పితోనే బతికేవాడు. కానీ కోత తర్వాత మూడు నెలలు పని మానుకుంటే పోయే కూలి ఏ ప్యాకేజీలోనూ ఉండదు. పట్టి ఆరు వారాలకే కోసేసుకొని బస్తా ఎత్తినవాణ్ని తిట్టేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అతకకపోతే అతను తిరిగి అదే దవాఖానకు రాడు. మొహమాటం కొంత, కోపం కొంత, బావమరిది చెప్పిన ఇంకో డాక్టరు మీద ఆశ కొంత. హన్మకొండలో ఒక నర్సింగ్ హోం, అక్కడి నుంచి హైదరాబాదు. మొదటి సర్జన్ లెక్కలో ఆ కేసు గెలిచినట్టే మిగులుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కాడ్‌మన్ కార్డు లేదు, అంతే. ఆరోగ్యశ్రీ దగ్గర ప్రతి కోతకూ ఒక నమోదు ఉంటుంది. అదే మనిషికి, అదే మణికట్టుకు, రెండేళ్లలో రెండో కోత పడితే ఆ సమాచారం మొదటి ఆస్పత్రికి పంపడం కంప్యూటర్ల కాలంలో అసాధ్యమేమీ కాదు. మందలించడానికి కాదు, తెలియడానికి.

కొన్ని కోతలు అసలు అక్కర్లేదేమో కూడా. 2020లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో 31 ఆస్పత్రుల నుంచి 439 మందిని తీసుకొని, ముక్కలు రెండు మిల్లీమీటర్లకు మించి జరగని విరుగుళ్లకు మొదటే స్క్రూ వేయడాన్నీ పట్టి వేయడాన్నీ పోల్చారు. ఏడాది తర్వాత చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పట్టి వేయండి, అతకడం లేదని తేలితే ఆలస్యం చేయకుండా స్క్రూ వేయండి అన్నారు. దీన్ని మనదగ్గర అమలు చేయాలంటే చివరి షరతే కీలకం. పట్టి వేసుకున్న మనిషి మళ్లీ రావాలి, సీటీ తీయించుకోవాలి. వాళ్లకు ఆ వ్యవస్థ ఉంది. మనకు ఇంకా బస్సు చార్జీ దగ్గరే ఆగిపోతుంది.

పడకుండా చూడడం గురించి కూడా ఇటీవలే ఆలోచన మొదలైంది. తాటిచెట్ల మీంచి పడే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరిట సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నడుము విరగకుండా, ప్రాణం పోకుండా చూడడమే దాని లక్ష్యం. మణికట్టు దానితో పాటు దక్కుతుంది.

చివరికి మిగిలేది మూడో కోత అడిగేవాళ్లు. ఇక్కడ కాలమే ముఖ్యం. 1984లో మాక్ బృందం అతకని స్కాఫాయిడ్‌లను చూసి మూడు మెట్లు గుర్తించింది. మార్పు ఎముకకే పరిమితమైనవాళ్లకు గాయమై సగటున ఎనిమిదేళ్లు దాటింది. ముంజేతి ఎముకతో కీలు అరిగినవాళ్లకు 17 ఏళ్లు. మణికట్టంతా అరిగినవాళ్లకు 31 ఏళ్లు పైబడింది. ఇరవై ఏళ్లకు పడ్డవాడు, నలభైకి వచ్చేసరికి రెండో మెట్టు మీద ఉంటాడు. అరిగాక కొత్త ఎముక పెట్టి అతికించినా నొప్పి పోదు. అప్పుడు దారులు వేరు. స్కాఫాయిడ్ ముందు ముక్క తీసేయడం, నొప్పి మోసే నరాలు కోయడం, ముంజేతి వైపు మూడు ఎముకల వరుసనే తీసేయడం, స్కాఫాయిడ్ తీసేసి మిగతావాటిలో నాలుగు ఎముకలను ఒకటిగా కలపడం, ఆఖరికి మణికట్టంతా బిగించేయడం. వరుస తీసేసినా నాలుగు కలిపినా కదలిక దాదాపు సగానికి పడుతుంది, పట్టు ముప్పాతిక దాకా మిగలొచ్చు. పూర్తిగా బిగిస్తే మణికట్టు వంగనే వంగదు. నొప్పి సాధారణంగా పోతుంది, పట్టు నిలుస్తుంది.

ఏది మేలన్నది ఆ చెయ్యి చేసే పనిని బట్టి ఉంటుంది. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి కొంచెమైనా వంగే మణికట్టు కావాలి. బస్తా కింద చెయ్యి పెట్టేవాడికి వంగకపోయినా నొప్పి లేని గట్టి చెయ్యి కావాలి. మోకు ముత్తాదు పట్టి చెట్టెక్కే గౌడన్నకు రెండూ కావాలి, గెల దగ్గర కత్తి తిప్పేటప్పుడు ఒకటి, మోకు జరిపేటప్పుడు ఇంకొకటి. ఏ చెయ్యితో కత్తి పడతాడో, ఏ చెయ్యితో మోకు లాగుతాడో కనుక్కొని గానీ ఏ ఆపరేషన్ చేయాలో సర్జన్ తేల్చలేడు.